నాయన అంగడి గోడ మీది ఇందురాయ

మా నాయన బాడుగ సైకిళ్ళ అంగడిలో గోడకు మూడు పటాలు ఉండేవి. ఒకటి కదిరి నరసింహస్వామి, ఒకటి మా తాత, మూడోది పసుపుపచ్చ బనియన్ వేసుకుని సైకిల్ మీద వంగి ఉన్న స్పెయిన్ దేశపు మనిషి. మొదటి రెండింటికీ పూలు పెట్టేవాళ్ళం. మూడోదానికి పూలు లేవు గానీ, శుక్రవారం నాయన ఊదుబత్తి తిప్పేటప్పుడు ఆ పటం దగ్గర కూడా చెయ్యి ఒకసారి ఆగేది.

ఆయన పేరు మిగేల్ ఇందురాయిన్, సైకిల్ పందేల్లో ప్రపంచమంతా పేరున్న మనిషి. మా నాయన నోట్లో అది "ఇందురాయ" అయింది. పెనుకొండ పక్క పల్లెలో పుట్టి పెరిగినవాడికి రాయ అనే మాట నోటికి తొందరగా వస్తుంది కదా. ఇప్పటికీ "మన ఇందురాయ" అనే అంటాడు. 1964 జూలై 16 ఆయన పుట్టినరోజు. ప్రతి జూలైలో ఆయన గురించి రాయాలనుకుంటాను, బడి పనుల్లో పడి వదిలేస్తాను. ఈ ఏడు వదలదలచుకోలేదు.

1997 సంక్రాంతి సెలవులు. నేను తొమ్మిదో తరగతి. పాతూరులో మా అంగడి. పన్నెండు సైకిళ్ళు, ప్రతిదాని మడ్‌గార్డు మీద తెల్ల పెయింటుతో నంబరు, గంటకు రెండు రూపాయలు. ఒక పొద్దున ఆర్డీటీ అనే సేవాసంస్థలో పనిచేసే తెలిసినాయన ఒకరు ఓ తెల్లాయనను వెంటబెట్టుకుని వచ్చాడు. "స్పెయిన్ నుంచి వచ్చినాడు, సైకిల్ కావాలంట, ఊరు చూస్తాడంట" అన్నాడు.

బయటివాళ్ళకు చెప్పాలి, మా అనంతపురంలో స్పెయిన్ వాళ్ళు కనబడితే ఎవరూ ఆగి చూడరు. 1969లో స్పెయిన్ వాడైన ఫాదర్ ఫెర్రర్ ఇక్కడికి వచ్చి ఆర్డీటీ పెట్టినప్పటి నుంచి ఆ దేశం వాళ్ళు వస్తూ పోతూనే ఉన్నారు. నా క్లాసులో సగం మందికి స్పెయిన్‌లో ఒక స్పాన్సర్ ఉండేవాళ్ళు. ఏడాదికి ఉత్తరం రాసేవాళ్ళు, బొమ్మలు గీసి పంపేవాళ్ళు. స్పెయిన్ ఎక్కడుందో మ్యాపులో చూపించడం రాకపోయినా, అక్కడ మనవాళ్ళు ఉన్నారని మాత్రం మా ఊళ్ళో పిల్లలందరికీ తెలుసు.

అయినా నాయన తటపటాయించాడు. దానికి కారణం ఉంది. అంతకు ముందు ఏడు ఎవరో ఒక మనిషి పేరు, ఊరు రాయించి ఏడో నంబరు సైకిల్ తీసుకుపోయాడు. తిరిగి రాలేదు. ఆ ఊరికి పోయి అడిగితే అట్లాంటి మనిషే లేడన్నారు. అప్పు తెచ్చి కొన్న కొత్త హీరో సైకిల్ అది. ఆ దసరా సెలవులన్నీ నేను, అమ్మ శనక్కాయ చెట్లు పీకే కూలికి పోయాం. వేళ్ళ సందుల్లో మట్టి ఎండి పగుళ్ళు వచ్చేవి, రాత్రి అన్నం కలుపుతుంటే కారం తగిలి మండేది. అప్పటి నుంచి తెలియనివాళ్ళకు సైకిల్ ఇవ్వాలంటే నాయన గడియారమో, ఉంగరమో పెట్టమనేవాడు. ఆ తెల్లాయనను అడగడానికి మొహమాటపడ్డాడు. తొమ్మిదో నంబరు ఇచ్చి పంపించాడు.

రెండు గంటలని చెప్పి పోయిన మనిషి వీధి దీపాలు వెలిగినా రాలేదు. నాయన అంగడిలో కూర్చోలేక రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాడు. చీకటి పడ్డాక వచ్చాడాయన, చొక్కా అంతా చెమటతో ఒంటికి అతుక్కుపోయి. బుక్కరాయసముద్రం చెరువు చూసి అక్కడే ఆగకుండా శింగనమల దాకా పోయాడట, గేర్లు లేని మన హీరో సైకిల్ మీద. నాయన కోపంగా ఏదో అనబోయి ఆయన చేతులు చూశాడు. పది వేళ్ళకూ నల్లటి గ్రీసు. దారిలో చెయిన్ ఊడితే తనే వేసుకున్నాడు, అంతే కాదు, వెనక చక్రం వెనక్కి లాగి చెయిన్ బిగించి మరీ తెచ్చాడు. నాయన ఇంకేమీ అనలేదు. ఇసుక, సబ్బు పెట్టి చేతులు కడుక్కోమని చెంబుతో నీళ్ళు పోశాడు.

మర్నాడు ఆయన మళ్ళీ వచ్చాడు, ఒక పత్రికలోంచి చించిన రంగుల పేజీతో. పటంలో ఉన్న మనిషిని చూపించి, నాయన మణికట్టు పట్టుకుని, తన గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టాడు. నిమిషం అయ్యాక నేల మీద సుద్దముక్కతో 74 అని రాశాడు. దాని కింద 28 అని రాసి, పటం మీద వేలు పెట్టాడు. మాకు అర్థం కాలేదు. ఆర్డీటీ ఆయన విడమరిచి చెప్పాడు. ఊరికే పడుకుని ఉన్నప్పుడు ఈ మనిషి గుండె నిమిషానికి ఇరవై ఎనిమిది సార్లే కొట్టుకుంటుందట, అక్కడి పేపర్లన్నీ అదే రాశాయట. నాయన తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని కాసేపు అట్లే నిలబడ్డాడు.

ఆ తెల్లాయనది పాంప్లోనా పక్క పల్లె. ఇందురాయిన్ ఊరు విల్లావా కూడా పాంప్లోనాను ఆనుకునే ఉంటుంది. ఆ తెల్లాయన మా అంగడికి వచ్చేసరికి పది పన్నెండు రోజుల కిందట, జనవరి 2న, ఇందురాయిన్ ఇక పోటీలు చాలించుకుంటున్నానని చెప్పేశాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆ తెల్లాయన మొహం నాకు గుర్తుంది. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళ మొహం అది.

ఆ రోజు విన్నది కొంచెమే. మిగతాదంతా తర్వాత ఇరవై ఏళ్ళలో నేను ఏరుకుని చదివింది, చూసింది.

ఇందురాయిన్ వాళ్ళది సేద్యం చేసుకునే ఇల్లు. పదో పుట్టినరోజుకు ఒక పాత ఆకుపచ్చ ఓల్మో సైకిల్ ఇచ్చారు. మరుసటి ఏడు దాన్ని ఎవరో దొంగిలించారు. ఇంకో సైకిల్ కోసం ఆ పిల్లవాడు నాన్నతో పాటు చేలో పని చేశాడు. ఇది మొదటిసారి చదివినప్పుడు నేను పేజీ మూసి కాసేపు బయటికి వెళ్ళి నిలబడ్డాను. మా ఏడో నంబరు, ఆ శనక్కాయ చేను, అమ్మ నడుం పట్టుకుని లేవడం, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకు వచ్చాయి. ఆయన నాకు అంతగా పట్టుకోవడానికి గెలుపుల కంటే ముందు ఇదే కారణం.

పదకొండేళ్ళకు ఊరి సైకిల్ క్లబ్బులో చేరాడు. మొదటి పోటీలో రెండో స్థానం, రెండో పోటీలో గెలుపు. 1984లో రేనాల్డ్స్ అనే టీమ్‌లో ప్రొఫెషనల్ అయ్యాడు. అదే టీమ్ తర్వాత బనెస్తో అయింది, చివరిదాకా అందులోనే ఉన్నాడు. ఇరవై ఏళ్ళకే, 1985లో, స్పెయిన్ దేశపు పెద్ద పోటీ వుయెల్తాలో కొన్ని రోజులు అందరికంటే ముందున్నాడు.

ఇంకొకరైతే ఇక్కడి నుంచి తొందరపడేవాళ్ళు. మా పల్లెల్లో కొత్త కోడెను నేరుగా సేద్యానికి కట్టరు. ముదురు ఎద్దు పక్కన కాడికి కట్టి కొన్నాళ్ళు నడిపిస్తారు. వాళ్ళ టీమ్ పెద్ద ఎచావర్రి చేసింది అదే. 1985లో టూర్ ద ఫ్రాన్స్‌కు, అంటే ఫ్రాన్స్‌లో మూడు వారాలు రోజుకో దూరం తొక్కే పెద్ద పోటీకి, తీసుకుపోయారు, నాలుగో రోజుకే తిరిగొచ్చాడు. 1987లో 97వ స్థానం. 1988లో 47. ఆ ఏడు గెలిచింది వాళ్ళ టీమ్ నాయకుడు పెద్రో దెల్గాదో. ఆయనకు గాలి తగలకుండా ముందు తొక్కుతూ, కొండ మొదలయ్యేదాకా లాక్కుని వెళ్ళడం ఇందురాయిన్ పని. 1989లో 17వ స్థానం, 1990లో పదో స్థానం. ఆ 1990లో ఇందురాయిన్ దెల్గాదో కంటే బలంగా ఉన్నాడని చూసేవాళ్ళకు తెలిసిపోతోంది. అయినా నాయకుడి కోసం ఆగాడు, తన నిమిషాలు పోగొట్టుకున్నాడు. దాని గురించి ఎక్కడా గోడు వెళ్ళబోసుకోలేదు. ఆరేళ్ళు! ఇప్పటి పిల్లలకు క్లాసులో ఆరు వారాలు వెనక బెంచీలో కూర్చోమంటే ఇంటి నుంచి పెద్దవాళ్ళు వస్తారు.

1991లో ఆయన వంతు వచ్చింది. పిరనీస్ కొండల్లో హాకా నుంచి వాల్ లురాన్ దాకా పోటీ జరిగిన రోజు, తుర్మలే కొండ దిగుడులో అమెరికా రైడర్ లెమాండ్‌ను వదిలేసి ముందుకు పోయాడు. వెనక నుంచి ఇటలీ రైడర్ కియాపుచ్చి వచ్చి కలిశాడు. ఇద్దరూ కలిసి తొక్కారు. ఆ రోజు గెలుపు కియాపుచ్చికి, అన్ని రోజుల లెక్కలో ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీ ఇందురాయిన్‌కు. అక్కడి నుంచి 1995 దాకా ఐదేళ్ళు వరసగా టూర్ ఆయనదే. ఐదు సార్లు గెలిచినవాళ్ళు అంతకు ముందు ముగ్గురున్నారు, అంకతీల్, మెర్క్స్, ఇనో. కానీ వరసగా ఐదు ఎవరికీ కుదరలేదు. 1992లో, 1993లో ఇటలీ దేశపు పెద్ద పోటీ "జీరో" కూడా గెలిచి, అదే ఏడు టూర్ కూడా గెలిచాడు. రెండేళ్ళు వరసగా ఆ జోడీ కొట్టింది ఆయన ఒక్కడే.

ఈ గెలుపుల గుట్టు టైమ్ ట్రయల్‌లో ఉంది. మామూలు రోజుల్లో సైకిళ్ళు గుంపుగా పోతాయి, కొంగల బారులాగా. ముందువాడు గాలిని చీలుస్తాడు, వెనకవాళ్ళకు చాలా కష్టం తప్పుతుంది. టైమ్ ట్రయల్‌లో ఆ నీడ ఉండదు. ఒక్కొక్కరినే వదులుతారు. నీకు తోడు రోడ్డు, గడియారం. ఆ ఐదు టూర్లలోనూ ఇందురాయిన్ గెలిచిన రోజులన్నీ టైమ్ ట్రయల్ రోజులే. కొండల మీద గెలుపును చాలాసార్లు పక్కవాడికి వదిలేసేవాడు. తనకు కావాల్సింది పసుపు జెర్సీ, ఆ రోజు పేరు ఎవరికి వస్తే ఏమిటి? అందుకే ఆయన చేతిలో ఓడినవాళ్ళకు కూడా ఆయన మీద కోపం ఉండేది కాదు.

1992 జూలై 13, లక్సెంబర్గ్. 65 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. మాకు లెక్క తెలియాలంటే అనంతపురంలో బయలుదేరి కళ్యాణదుర్గం చేరడం అనుకోండి. గంటకు 49 కిలోమీటర్ల వేగం, ఆపకుండా. రెండో స్థానంలో వచ్చిన సొంత టీమ్ కుర్రాడు కూడా మూడు నిమిషాలు వెనక. తనకంటే ఆరు నిమిషాలు ముందు బయలుదేరిన ఫిన్యోను దారిలోనే దాటేశాడు. ఫిన్యో చిన్నవాడు కాదు, రెండుసార్లు టూర్ గెలిచినవాడు.

నేను పనిచేసే బడి కళ్యాణదుర్గం రోడ్డులోనే, ఇంటి నుంచి పద్నాలుగు కిలోమీటర్లు. రోజూ సైకిల్ మీదే పోతాను. జూన్, జూలైలో పడమటి గాలి ఎట్లుంటుందో మా జిల్లా వాళ్ళకు వేరే చెప్పాలా. ఆషాఢం గాలికి తాటాకు పందిళ్ళు లేచిపోతాయి, కొండల మీద గాలిమరలు రాత్రీ పగలూ తిరుగుతుంటాయి. పొద్దున ఎనిమిదింటికి ఆ గాలికి ఎదురుగా పోతుంటే కాళ్ళు ఎంత తొక్కినా చెట్లు కదలవు. మొదట్లో నేను ఆవేశపడి లేచి నిలబడి తొక్కేవాడిని, నాలుగు కిలోమీటర్లకే ఊపిరి అందేది కాదు. తర్వాత ఇందురాయిన్ వీడియోలు చూసి చూసి ఒకటి గమనించాను. ఆయన భుజాలు కదలవు. మొహం కదలదు. కాళ్ళు మాత్రం గానుగ తిరిగినట్టు ఒకే లయలో తిరుగుతుంటాయి. ఇప్పుడు నేనూ గాలిలో సీటు మీద నుంచి లేవను. చిన్న గేర్ వేసుకుంటాను, ముప్పై దాకా లెక్కపెట్టి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతాను. ప్రార్థన బెల్లుకు ముందే చేరుతున్నాను.

ఇందురాయిన్ ఆరడుగులు దాటిన మనిషి, బరువు ఎనభై కిలోల దగ్గర. కొండలెక్కేవాళ్ళు మామూలుగా పిచ్చుకల్లా ఉంటారు. అంత శరీరాన్ని ఆల్ప్స్ మీదికి లాగడం మాటలు కాదు.

1994 సెప్టెంబర్ 2న ఫ్రాన్స్‌లోని బోర్దో ట్రాక్ మీద గంటలో 53.040 కిలోమీటర్లు తొక్కాడు. గంటలో 53 దాటడం ప్రపంచంలో అదే మొదటిసారి. అంటే ఇంచుమించు అనంతపురం నుంచి గుత్తి. అప్పట్లో మా ఊరి బస్సు గంటలో గుత్తి చేరేది కాదు. ఆ రికార్డు రెండు నెలలు కూడా నిలవలేదు, స్విట్జర్లాండ్ రైడర్ రొమింగర్ కొట్టేశాడు, అది వేరే సంగతి. ఆ రోజు వాడిన సైకిల్ పేరు ఎస్పాద, కత్తి అని అర్థం. ఆ వీడియో ఫోన్‌లో నాయనకు చూపిస్తే, మనిషిని వదిలేసి చక్రాలనే చూశాడు.

"పుల్లలు లేవే?"

"రేకు మాదిరి మూసేసినారు నాయనా. గాలి కోసం."

"మరి బెండు వస్తే ఎట్ల తీస్తారప్పా?"

నలభై ఏళ్ళు పుల్లలు బిగించి బెండు తీసిన మనిషి. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

ఒక సంగతి దాచిపెట్టి రాయడం నాకిష్టం లేదు. ఆ రోజుల సైకిల్ పందేల మీద తర్వాత చాలా మచ్చలు పడ్డాయి. 1996లో టూర్ గెలిచిన డెన్మార్క్ రైడర్ రీస్ తాను నిషేధించిన మందులు వాడానని 2007లో తనే ఒప్పుకున్నాడు. అమెరికా రైడర్ ఆర్మ్‌స్ట్రాంగ్ గెలిచిన ఏడు టూర్ టైటిళ్ళూ తీసేశారు. ఇందురాయిన్ విషయంలో కూడా 1994లో ఒక పరీక్షలో సాల్బుటమాల్ అనే ఆస్తమా మందు కనబడింది. డాక్టర్ చీటీ ఉంటే దాన్ని అప్పటి నిబంధనలు ఒప్పుకునేవి, శిక్ష ఏమీ వేయలేదు. ఆయన టైటిళ్ళు ఐదూ ఇవాళ్టికీ ఆయన పేరు మీదే ఉన్నాయి. ఆ కాలం మొత్తం మీద అనుమానం ఉన్నవాళ్ళతో నేను వాదించను. కానీ గోడ మీది పటం తీయాలని మాత్రం నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు.

ఎందుకంటే నా ఇందురాయిన్ ఐదు గెలిచినాయన కాదు, ఆరోది ఓడినాయన.

1996 జూలై. ఆరో టూర్ గెలుస్తాడని లోకమంతా అనుకుంటోంది. ఆ ఏడు ఒక రోజు పోటీని ఫ్రాన్స్ దాటించి పాంప్లోనాలో ముగించారు, విల్లావా ఊరి మీదుగా. సొంత ఊరి రోడ్డు మీద పసుపు జెర్సీతో వస్తాడని జనం ఎదురుచూస్తున్నారు. కానీ ఆల్ప్స్‌లో మొదటి కొండ రోజే, లెజార్క్ ఎక్కుతుంటే, ఆఖరి మూడు నాలుగు కిలోమీటర్లలో ఆయనలో సత్తువ అయిపోయింది. ఒంట్లో చక్కెర పడిపోయింది. తీసుకోకూడని చోట నీళ్ళ సీసా తీసుకున్నందుకు ఇరవై సెకన్ల జరిమానా కూడా. ఆ కొద్ది దూరంలోనే మూడు నిమిషాలకు పైగా పోయాయి. ఐదేళ్ళుగా రాయిలా ఉన్న మొహం మీద మొదటిసారి నొప్పి కనబడింది. జూలై 16, ముప్పై రెండో పుట్టినరోజున, ఓతకామ్ కొండ మీద రీస్ అందరినీ వదిలేసి పోయాడు. మర్నాడే పాంప్లోనా. ఇందురాయిన్ తన ఊరి జనం మధ్య నుంచి ఎనిమిది నిమిషాలు వెనకబడి వచ్చాడు.

మా అంగడికి వచ్చిన తెల్లాయన ఆ రోజు విల్లావా రోడ్డు పక్కన ఉన్నాడట. "మేమెవరమూ ఇంటికి పోలేదు. పసుపు జెర్సీలో వచ్చుంటే చప్పట్లు కొట్టేవాళ్ళం. ఓడి వస్తుంటే ఏడ్చినాం, ఇంకా గట్టిగా కొట్టినాం" అన్నాడని ఆర్డీటీ ఆయన తెలుగులో చెప్పాడు. పాంప్లోనాలో రీస్ ఇందురాయిన్‌ను స్టేజీ మీదికి పిలిచి పక్కన నిలబెట్టుకున్నాడు. రీస్ మీద ఎవరికి ఎంత కోపం ఉన్నా, ఆ ఒక్క పనికి నేను ఆయనను తిట్టలేను.

ఆ టూర్‌లో పదకొండో స్థానం. అక్కడితో ఆగలేదు. రెండు వారాలకే, ఆగస్టు 3న, అట్లాంటా ఒలింపిక్స్‌లో టైమ్ ట్రయల్ బంగారు పతకం కొట్టాడు. స్పెయిన్ వాడే అయిన ఒలానోకు వెండి. ఆ ఇద్దరి మధ్య ఇంకో ముచ్చట ఉంది. అంతకు ముందు ఏడు కొలంబియాలో ప్రపంచ పోటీ. ఒలానో ముందు పోతున్నాడు, ఇందురాయిన్ వెంటపడలేదు, వెనకవాళ్ళతోనే ఉండిపోయాడు. చివరికి ఒలానో గాలి పోయిన టైరుతో గీత దాటాడు, ఇందురాయిన్ రెండో స్థానం తీసుకుని సంతోషంగా చెయ్యెత్తాడు. ఆ పోటీలో గెలుపు ఆయనకు చివరిదాకా దొరకలేదు. అయినా చెయ్యెత్తాడు.

1996 సెప్టెంబర్‌లో, మనసొప్పకపోయినా టీమ్ మాట మీద వుయెల్తాకు వెళ్ళాడు. కోవదోంగా కొండ ఎక్కాల్సిన రోజు, దారిలో టీమ్ దిగిన హోటల్ కనబడితే సైకిల్ దిగి లోపలికి నడిచిపోయాడు. ఆయన తొక్కిన చివరి పెద్ద పోటీ అదే.

ఇప్పటికీ విల్లావాలో ఆయన పేరు మీద వేల మంది మామూలు జనం కలిసి సైకిల్ తొక్కే పండగ జరుగుతుంది. ఎస్తెల్యా అనే ఊళ్ళో ప్రొఫెషనల్ పోటీకి ఆయన పేరే పెట్టారు. 1992లో స్పెయిన్ ఆయనకు ప్రిన్స్ ఆఫ్ అస్తూరియాస్ అవార్డు ఇచ్చింది. 1998లో అదే అవార్డు మా ఫాదర్ ఫెర్రర్‌కూ వచ్చింది. ఈ సంగతి తెలిసిన రోజు నాయనకు చెబితే, ఇందులో ఆశ్చర్యమేముందన్నట్టు తల ఊపి టీ తాగడం మొదలుపెట్టాడు.

అంగడి మూసి పదేళ్ళయింది. పటం ఇప్పుడు మా ఇంటి వసారాలో ఉంది. కింది మూలన నాయన వేలి గ్రీసు ముద్ర అట్లే ఉంది, కొత్త అద్దం వేయించేటప్పుడు కూడా తుడవనివ్వలేదు.

నాయనకు డెబ్బై ఎనిమిది. పోయిన నెల కాస్త తల తిరుగుతోందంటే ఆస్పత్రికి తీసుకుపోయాను. నర్సమ్మ బీపీ చూసి, వేలికి క్లిప్పు పెట్టి, పల్స్ డెబ్బై ఆరు, బాగుంది పెద్దాయనా అంది. నాయన ఏమీ అనలేదు. బండి మీద ఇంటికి వస్తుంటే, టవర్ క్లాక్ దాటాక, వెనక నుంచి అడిగాడు.

"ఇందురాయది ఇరవై ఎనిమిది కదరా?"

"అవును నాయనా."

"ఇప్పుడు ఎంత వయసుంటుంది ఆయనకు?"

"అరవై దాటినాయి."

కాసేపు మాట్లాడలేదు. ఇంటి సందు తిరుగుతుంటే నా భుజం మీద చెయ్యి వేశాడు.

"అట్లయితే కొంచెం పెరిగుంటుందిలే."